నీరటి కుర్మయ్య చేతి గడియారం

కుర్మయ్య పేరెత్తితే శామీర్‌పేట పాతవాళ్లకు ముందు గుర్తొచ్చేది ఆయన ఎడమచెయ్యి. ఆ చేతికి కీ ఇచ్చే పాతకాలపు గడియారం. చెరువు తూము విప్పి, ఎవరి మడికి ఎంతసేపు నీళ్లో పంచే నీరటి ఆయన. రెండు గంటలంటే రెండు గంటలే. పటేలు మడైనా, కాలువ చివర సత్తార్ మడైనా, ఆ చెయ్యి చూసుకునే నీళ్లు మళ్లించే మడవ కట్టేవాడు. నీళ్ల కోసం సొంత అన్నదమ్ములే గొడ్డళ్లెత్తే రోజులవి. అయినా కుర్మయ్య గడియారం చూసి చెప్పాడంటే ఎదురుమాట ఉండేది కాదు.

ఆయన కొడుకు రమేష్ తుర్కపల్లి ల్యాబుల వాళ్లను క్యాబులో దింపుతుంటాడు. మడులన్నీ ప్లాట్లయ్యాయి, నీరటి పని పోయింది, పోయిన వానాకాలం కుర్మయ్య కూడా పోయాడు. రమేష్‌కు దక్కింది ఆ గడియారమూ, దాంతో వచ్చిన మంచిపేరూ. క్యాబెక్కిన ప్రతివాళ్లకూ చెప్పేవాడు: "మా నాయిన ఎవ్వరికి నిమిషం ఎక్కువియ్యలే, తక్కువియ్యలే. ఆయన పోయిన్నాడే గడియారం గూడ ఆగిపోయింది." వినేవాళ్లు అయ్యో అనేవాళ్లు. బతికుండగా దాన్ని ఎవరినీ ముట్టుకోనివ్వలేదు కుర్మయ్య. ఆస్పత్రిలో నర్సు విప్పబోతే పసిపిల్లాడిలా ఏడ్చాడు.

సంవత్సరీకం నాటికి ఫొటో ముందు అది టిక్కుటిక్కుమనాలని రమేష్ పట్టుదల. రోడ్డు పక్క మెకానిక్కు చేతిలో పెట్టడానికి మనసొప్పక, తయారుచేసిన కంపెనీకే పంపించాడు. మూడు వారాలకు వాళ్ల సర్వీసు సెంటర్ నుంచి తృప్తి అనే అమ్మాయి ఫోన్ చేసింది. అప్పుడు రమేష్ ఒక ల్యాబు గేటు ముందు క్యాబులో కూర్చుని ఉన్నాడు.

"సార్, ఇది ఎప్పట్నుంచి ఆగిపోయింది?"

"పోయినేడు మేడమ్. మా నాయిన పోయినప్పుడు."

"కాదు సార్. లోపలికి నీళ్లు పోయి స్ప్రింగు తెగింది. చక్రాలన్నీ తుప్పుతో అతుక్కుపోయాయి. ఇది నడవక నలభై ఏళ్లన్నా అయ్యుంటుంది."

రమేష్ నవ్వాడు. "వేరేవాళ్లది సూస్తున్నట్టున్నరు మేడమ్."

ఆ అమ్మాయి ఫొటో పంపింది. వెనకమూత మీద నాయిన సూదితో గీకించుకున్న 'కు' అక్షరం అలాగే ఉంది.

"ఇంకో వింత సార్. మెషీన్ నడవలేదు కానీ, ముళ్లు తిప్పే కీ మాత్రం బాగా అరిగిపోయింది. రోజుకు పదిసార్లు తిప్పితే తప్ప అంత అరగదు. కొత్త మెషీన్ వెయ్యమంటారా?"

తర్వాత చెబుతానని ఫోన్ పెట్టేశాడు. నలభై ఏళ్లంటే తను పాలు తాగే రోజులు. అంటే తండ్రి నీళ్లు పంచిన కాలమంతా ఆగిన గడియారాన్నే చూశాడు! చాటుగా ముళ్లు తిప్పుకుని ఊరందరి కళ్లలో దుమ్ము కొట్టాడు! ఎవరి మడి నిండిందో, ఎవరి కడుపు ఎండిందో! నిప్పులాంటి మనిషని ఇన్నాళ్లూ తను ఊదరగొట్టిందంతా అబద్ధమేనా? అంత సిగ్గు రమేష్ తన బతుకులో ఎరగడు.

క్యాబు నేరుగా సత్తార్ ఇంటికి తోలాడు. కాలువ చివరి మడి ఆయనది. మోసమంటూ జరిగితే మొదట ఎండేది అదే. ఎనభై దాటిన సత్తార్ అరుగు మీద కూర్చుని ఉన్నాడు.

"మా నాయిన మిమ్ముల మోసం జేసిండు చాచా," అంటూ ఏకబిగిన అంతా చెప్పేశాడు రమేష్.

ముసలాయన కనురెప్ప కూడా కదపలేదు. "నాకెర్కే బేటా."

"ఎట్ల చాచా?" అంటూ రమేష్ ముందుకు వంగాడు.

"మా తమ్ముడు దుబాయ్ నుంచి నాకో వాచీ తెచ్చిండు. ఒకనాడు నీళ్లు వారవెడ్తుంటే మీ నాయిన గడియారం దిక్కు జూసిన. ముల్లు కదుల్తలేదు. మస్తు కోపమొచ్చింది. పట్టిద్దమని ఆ పంటంత నా వాచీతోని లెక్కవెట్టిన. రెండు గంటలంటే రెండు గంటలే బేటా! నీడ జూస్తుండె, కాలువల నీళ్ల ఊపు జూస్తుండె, మనసుల లెక్కగట్టి, అటు దిరిగి ముళ్లు దిప్పుకుంటుండె. ఐదు నిమిషాల ఫరక్ గూడ రాలే."

"మరి ఆగిపోయిందని చెప్తే అయిపోవు గద చాచా?"

సత్తార్ చెరువు వైపు చెయ్యి చూపించాడు. "గడియారం లేనప్పుడు గూడ గంతే సక్కగ పంచుతుండె. ఎవడు నమ్మిండు? నీళ్లు తక్కువైనయని పటేలు మనుషులు మీ నాయినను ఆ గట్టు మీదనే పారకట్టెతోని కొట్టిన్రు. రెండుమాట్ల. నువ్వింక పుట్టలే. మేకలమ్మి గడియారం గొన్నడు. అది కట్టుకున్నంక ఒక్కడు గూడ చెయ్యి లేపలే. ఏడాది తిరిగేసరికి తూముల జారిపడ్డడు, అది ఖరాబైంది. ఇగ ఎట్ల జెప్తడు?"

"మీరన్న అడగకపోతిరి?"

"అడిగితే సిగ్గువడి పని ఇడిచిపెడ్తడు. కాలువ సివరోనికి ఇంకెవడిస్తడు నీళ్లు?"

రమేష్ అరుగు మీద సత్తార్ పక్కన కూర్చున్నాడు. నీరటి పని పోయేదాకా ఇరవై ఏళ్లు! ఎవడు మణికట్టు పట్టుకుని చూస్తాడోనని, ప్రతి గట్టు మీదా ప్రతి పూటా ఆ మనిషి ఎంత వణికాడో! ఇంట్లో పెళ్లానికి గానీ, కొడుక్కి గానీ ఒక్కమాట చెప్పుకోలేదు. తండ్రిని దొంగ అనుకున్నందుకు రమేష్‌కు తన చెంప తనే పగలగొట్టుకోవాలనిపించింది.

ఫోన్ మళ్లీ మోగింది. తృప్తే.

"సార్, ఏం చెయ్యమంటారు? కొత్త మెషీన్ వెయ్యాలా, ఉన్నదున్నట్టు పంపాలా?"

"కొత్తది వెయ్యుండ్రి మేడమ్," అన్నాడు రమేష్, ఏడుపు ఆపుకోలేక. "మంచిగ నడవాలె. ఎవరన్న దగ్గరికొచ్చి సూస్తే, నడుస్తుండాలె."