ఎందుకొచ్చిందో చెప్పినాడా?

రాయదుర్గం నుంచి కళ్యాణదుర్గం వెళ్లే బస్సులో, నా చేతిలోని ఇంగ్లీషు పుస్తకం చూసి పక్క సీటులో కూర్చున్న ఆమె అడిగింది.

"సార్, హ్యాకల్స్ అంటే ఏంది?"

కుక్కకు కోపమొస్తే మెడ మీద వెంట్రుకలు నిక్కబొడుచుకుంటాయి కదా, వాటిని అలా అంటారని చెప్పాను. మనిషికి కోపమొచ్చినా ఇంగ్లీషులో ఆ మాటే వాడతారన్నాను. ఆమె దవడలు బిగుసుకున్నాయి.

ఆమె జీన్స్ కుట్టే యూనిట్‌లో పని చేస్తుంది. ఆడవాళ్లు మాటిమాటికీ మిషన్ దగ్గర నుంచి లేస్తున్నారని అక్కడ బాత్రూముకు తాళం వేస్తారట. ఆ రోజు సరుకు కొనే విదేశీయులు చూడ్డానికి వస్తే, ఆమె లేచి వాళ్ల ముందే తాళం సంగతి తెలుగులో చెప్పేసింది. ఆమె ఏమంటోందని వాళ్లడిగారు. మేనేజరు నవ్వుతూ ఏదో ఇంగ్లీషులో అన్నాడు. అందులో ఆమెకు చెవిన పడింది ఆ ఒక్క మాటే. వాళ్లూ నవ్వారు.

"నన్ను కుక్కన్నాడా సార్?"

"కాదమ్మా. నీకు కోపమొచ్చిందన్నాడు, అంతే."

"అది కనపడతానే ఉండాది కదా! ఎందుకొచ్చిందో చెప్పినాడా?"

కండక్టరు కూడా తిరిగి చూశాడు. ఆ మేనేజరు మీద నాకూ ఒళ్లు మండింది.

కాసేపటికి ఆమె మళ్లీ అడిగింది. "రేపు గూడా వస్తారంట వాళ్లు. బాత్రూముకు తాళమేస్తాండారని ఇంగ్లీషులో ఎట్ల జెప్పల్ల?"

"దే లాక్ ద బాత్రూం."

ఊరొచ్చేదాకా ఆమె ఆ వాక్యమే పళ్లు బిగించి పలుకుతూ కూర్చుంది. దిగేటప్పుడు నాకు వస్తానని కూడా చెప్పలేదు. చెప్పడానికి నోరు ఖాళీగా లేదు.