లీ-చింగ్ అక్క కట్టించిన భవనాలు

మా కో లీ-చింగ్ అక్కకి ఒకటే జబ్బు. జోడు లేని గడి కనపడితే ఊరుకోలేదు. ఆకలేస్తే ఊరుకుంటుంది, కరెంటు పోతే ఊరుకుంటుంది, భూకంపం వచ్చినా టీ కప్పు ఒలకకుండా పట్టుకుని ఊరుకుంటుంది. కానీ ఎడమ వైపు ఒక గడి ఉండి, దానికి కుడి వైపు జోడు లేకపోతే మాత్రం ఆ పూట ఆవిడకి ముద్ద దిగదు.

గడుల సంగతి కొంచెం చెప్పాలి. మా ఆఫీసు తైనాన్‌లో, ఒక ఊలు కొట్టు పైన. ఒకళ్ళ దగ్గరున్న వివరాలను ఇంకొకళ్ళ వెబ్ సర్వీసుకి, అది అడిగే తీరులో అందించడం మా పని. తెర మీద ఎడమ వైపు మన గడులు ఉంటాయి: పేరు, చిరునామా, ఫోను. కుడి వైపు ఆ సర్వీసు అడిగే గడులు. మౌసుతో దీన్నుంచి దానికి గీత లాగితే చాలు, వివరాలు ఆ గీత వెంట వెళ్ళి రిక్వెస్టుగా మారి అవతలి గుమ్మం తడతాయి. నాకైతే అరగంట పని. అక్కకి రెండు వారాలు.

ఎందుకంటే ఆవిడకి తెర మీద గీతంటే నమ్మకం లేదు. ప్రతి గడికీ ఒక చీటీ రాస్తుంది. ఎడమ గోడకి మన చీటీలు, కుడి గోడకి వాళ్ళ చీటీలు అంటించి, కింద కొట్లోంచి తెచ్చిన ఊలు దారంతో గది అడ్డంగా వాటిని కలుపుతుంది. తప్పనిసరి గడికి ఎర్ర దారం, ఐచ్ఛికానికి ఆకుపచ్చ, ఇంకా తేలని వాటికి పసుపు. నీళ్ళు తాగాలంటే మేం మోకాళ్ళ మీద పాకేవాళ్ళం. మా యజమాని ఫాంగ్ గారు ఆరడుగుల మనిషి, వంగడం ఆయనకి నామోషీ. రోజుకొకసారి మెడకి 'ఫోను నంబరు' చుట్టుకునేది.

"లీ-చింగ్ గారూ! ఇది ఆఫీసా, సాలెగూడా?"

"కదలకండి సార్, ఫోను తెగుతుంది."

ఆయన అరిస్తే కింద ఊలు కొట్లో బొమ్మలు ఊగేవి. పన్నెండయ్యేసరికి మాత్రం ఆయన బల్ల మీద వేడి సూపు ప్రత్యక్షం. అది తాగాక గొంతు సగానికి సగం దిగేది. మా అందరి మధ్యాహ్నం భోజనం డబ్బాలూ ఒక తిండి కొట్టు నుంచి అక్కే తెప్పించేది. ఆ కొట్టువాడికి కొత్తిమీర పిచ్చి, అన్నింటి మీదా కుప్పలు పోస్తాడు. నా డబ్బాలో మాత్రం వెయ్యడం మర్చిపోయేవాడు. నాకు కొత్తిమీర వాసన పడదు, ఆ మాట పైకి చెప్పాలంటే సిగ్గు. పదకొండేళ్ళుగా వాడి మతిమరుపుకి లోలోపల దండం పెట్టుకుంటూ తింటున్నాను.

అప్పుడొచ్చింది భోజనాల పని. ఒంటరిగా ఉండే ముసలివాళ్ళు నాలుగు వందల పన్నెండు మందికి అప్పటిదాకా పేటల్లోని స్వచ్ఛంద సేవకులే డబ్బాలు మోసుకెళ్ళి ఇచ్చేవారు. ఎవరికే కూర పడదో, ఎవరి తలుపు ఎలా తట్టాలో వాళ్ళకి తెలుసు. ఇప్పుడా పని ఒక భోజన సంఘం తీసుకుంటోంది, కొత్త డ్రైవర్లతో. సేవకుల ఎక్సెల్ షీటు మా ఎడమ వైపు, సంఘం సర్వీసు మా కుడి వైపు. రెండు వారాల తర్వాత సోమవారం నుంచి మొదలు. సంఘం నియమం ఒకటుంది: మూడుసార్లు తలుపు తట్టినా తీయకపోతే డబ్బా వెనక్కి. మూడు రోజులు వెనక్కి వస్తే పేరు కొట్టేస్తారు.

నేను ఉత్సాహం పట్టలేక గీతలన్నీ చకచకా లాగేసి ఒకసారి పంపి చూశాను. నాలుగు వందల పన్నెండూ తిరుగుటపాలో వచ్చాయి. ప్రతిదాని మీదా ఒకటే జవాబు: 'ఈ వ్యక్తి ఇంకా పుట్టలేదు.' సేవకులు ఆ ముసలివాళ్ళు పుట్టిన సంవత్సరాలను మా దేశపు లెక్కలో రాశారు, ఒకరిది ఇరవై ఏడు, అలా. దానికి పందొమ్మిది వందల పదకొండు కలిపితే పందొమ్మిది వందల ముప్ఫై ఎనిమిది అవుతుంది. నేను కలపడం మర్చిపోయాను. అవతలి సర్వీసు దాన్ని రెండు వేల ఇరవై ఏడు అనుకుంది.

"పుట్టనివాళ్ళకి అన్నమెందుకని అడుగుతోంది, పాపం," అంది అక్క. "న్యాయంగానే అడిగింది. నువ్వు లే తమ్ముడూ, ఆ దారం ఇలా తే."

సంవత్సరాల చిక్కు ఆవిడ గంటలో విప్పేసింది. అసలు చిక్కు చివరి గడి: రిమార్కులు. ఎడమ వైపు ఉంది, కుడి వైపు దానికి జోడు లేదు. ఆ గడి నిండా సేవకులు రాసుకున్న సంగతులే. 'పాడ్యమికీ పౌర్ణమికీ శాకాహారం.' 'పళ్ళు పెట్టుకునేదాకా ఆగండి.' 'బెల్లు పాడైంది, పాట పాడండి.' 'కుక్క మంచిదే, కానీ ఆ సంగతి మనకి చెప్పదు.'

"వదిలేయండి," అన్నారు ఫాంగ్ గారు.

"మనుషుల్నా?"

"మనుషుల్ని కాదండీ, గడిని!"

"గడి ఎవరిది సార్?"

ఫాంగ్ గారికి ఒళ్ళు మండింది. అక్క సంఘం మేనేజరు లాయ్ మేడమ్‌కి ఫోను చేసి, రిమార్కుల గడి ఒకటి పెట్టండి తల్లీ అంది. వచ్చే ఏడాది చూద్దామన్నారు మేడమ్. "వచ్చే ఏడాదికి ఆ కుక్క మాట్లాడుతుందా?" అని ఫోను పెట్టేసి, రిమార్కుల పసుపు దారాన్ని తీసుకెళ్ళి ఫాంగ్ గారి గది తలుపు పిడికి కట్టింది. ఇది తేలేదాకా ఇక్కడే ఉంటుందట. ఆయన తలుపు తీసినప్పుడల్లా రెండు గోడలూ గజగజ వణికేవి.

ఇది చాలదన్నట్టు ఇంకో గొడవ. రిమార్కుల గడి ముప్ఫై ఏడు మందికి ఖాళీగా ఉంది.

"హోంగ్ తాత గడి చూడు. ఒక్క ముక్క లేదు," అంది అక్క.

"ఖాళీ అంటే చెప్పడానికి ఏమీ లేదని అక్కా."

"చెప్పడానికి ఏమీ లేని మనిషి ఉంటాడటరా?"

చెవిలో జోరీగలా ఇదే మాట. పైగా ఆ రెండు వారాలూ డబ్బా ఖాళీ కాగానే స్కూటరెక్కి మాయమైపోయేది. రెండున్నరకి చెమటలు కక్కుకుంటూ వచ్చేది. ఒకరోజు చేతిలో జామకాయలు, ఒకరోజు ఎండబెట్టిన ముల్లంగి, ఒకరోజు చొక్కా నిండా కుక్క బొచ్చు. గడువు ముంచుకొస్తుంటే ఈవిడకి బజారు షికార్లేమిటని నేనూ విసుక్కున్నాను.

శుక్రవారం ఫాంగ్ గారు ఒంటికాలి మీద లేచారు. "నా తలుపుకి కట్టిన దారం ఇప్పుడే విప్పాలి! ఇది ఆర్డరు!"

"సరే సార్," అంది అక్క.

విప్పేసింది కూడా. ఆవిడ అంత తేలిగ్గా ఒప్పుకుంటే నాకు అనుమానమేసింది. ఫాంగ్ గారికి మాత్రం పండగే. వంగకుండా నడిచి వెళ్ళి, మెడకి 'చిరునామా' తగిలించుకుని ఇంటికెళ్ళారు.

సోమవారం పదిన్నరకి లాయ్ మేడమ్ ఫోను. అవతలి గొంతు మా అందరికీ వినపడుతోంది.

"ఫాంగ్ గారూ, 'కుక్క మంచిదే కానీ ఆ సంగతి మనకి చెప్పదు' అనే భవనం మన ఊళ్ళో ఎక్కడుందండీ?"

"ఏ... ఏ భవనం?"

"పోనీ 'పళ్ళు పెట్టుకునేదాకా ఆగండి' అపార్ట్‌మెంటు? వంటవాళ్ళు నవ్వి నవ్వి గరిటెలు పారేసుకున్నారు! నాలుగు వందల పన్నెండు భవనాలండీ, ఒక్కటీ నేను పుట్టాక వినలేదు!"

ఫాంగ్ గారు గోడ వైపు తిరిగారు. తలుపు నుంచి విప్పిన పసుపు దారం ఇప్పుడు కుడి గోడ మీద ఎవరూ పట్టించుకోని ఒక చీటీకి బిగిసి ఉంది: 'భవనం పేరు. ఐచ్ఛికం. నలభై అక్షరాలు.' ఆ ముసలివాళ్ళందరివీ పాత పెంకుటిళ్ళు, భవనం పేరెక్కడిది? గడి ఊరికే పడి ఉంది. అందులో రాసింది డబ్బా మీద పెద్ద అక్షరాలతో అచ్చవుతుంది. అక్క ప్రతి రిమార్కునీ నలభై అక్షరాలకి కుదించి మరీ అందులోకి పంపించింది.

"తలుపుకి కట్టింది విప్పమన్నారు, విప్పాను," అంది అక్క.

ఫాంగ్ గారు సూపు కోసం కూడా ఆగలేదు, అంటే పరిస్థితి ఎంత విషమమో చూడండి. నన్ను రెక్క పట్టుకుని సంఘం వంటశాలకి లాక్కుపోయారు. ఎన్ని డబ్బాలు వెనక్కొస్తాయో కళ్ళారా చూసి, అప్పుడు అక్క సంగతి తేలుస్తారట. ఆవిడ ఉద్యోగం ఊడినట్టేననుకున్నాను. ఆ-కున్ అనే డ్రైవరు వెనక మా స్కూటరు. నాలుగో ఇల్లు హోంగ్ తాతది.

ఆ-కున్ డబ్బా మీద చదివాడు. "భవనం పేరు: 'చెవుడు. కిటికీ దగ్గర ఎర్రది ఊపండి. ఎద్దు మాంసం వద్దు, ఎద్దుతో దున్నాడు.' సార్, ఎర్రది ఏదైనా ఉందా?"

ఊరంతటికీ ఎర్రగా ఉన్నది ఫాంగ్ గారి టై ఒక్కటే. ఆరడుగుల మనిషి నడి వీధిలో టై విప్పి, కిటికీ ముందు గాలిపటంలా ఊపారు. తలుపు తెరుచుకుంది. బనీను తొడుక్కున్న బక్కపల్చటి తాత.

"ఎద్దు మాంసం కాదు కదా నాయనా?"

"పంది మాంసం తాతా!" అని అలవాటు కొద్దీ అరిచారు ఫాంగ్ గారు.

తాత అదిరిపడ్డాడు. "అబ్బ, వినపడింది! ఆరేళ్ళలో నాకు వినపడిన మొదటి మనిషివి నువ్వే. స్కూటరావిడ రాలేదా ఇవాళ?"

"ఏ స్కూటరావిడ తాతా?" అని చేతులు తిప్పి అడిగాను.

"అదేరా, నా గడి ఖాళీగా ఉందని కాగితం మీద రాసి చూపించి తెగ బాధపడిపోయింది. రెండుసార్లు వచ్చి తలుపు కొట్టి కొట్టి పోయిందట, నాకేం తెలుసు? మూడోసారి ఎర్ర ఊలుండ కిటికీలోంచి ఊపింది. ముల్లంగి ఇచ్చి పంపా. గట్టిది, మళ్ళీ వస్తుంది."

నేను ఫాంగ్ గారి మొహం చూశాను, ఆయన నా మొహం చూశారు. జామకాయలు, ముల్లంగి, కుక్క బొచ్చు, అన్నీ ఒక్కసారి అర్థమయ్యాయి. ముప్ఫై ఏడు గడులు, ముప్ఫై ఏడు గుమ్మాలు. బజారు షికార్లని విసుక్కున్న నా నాలుకని కొరుక్కున్నాను.

సాయంత్రానికి వెనక్కొచ్చిన డబ్బాలు సున్నా. పక్క పేటల్లో మొదటిరోజు అరవై ఒకటి తిరిగొచ్చాయని లాయ్ మేడమే చెప్పారు. వచ్చే ఏడాది అన్న రిమార్కుల గడి గురువారానికల్లా సర్వీసులో వెలిసింది. పసుపు దారం ఆకుపచ్చగా మారింది, భవనాలన్నీ కూలిపోయాయి. హోంగ్ తాత రిమార్కుకి మాత్రం ఇంకో ముక్క కలిసింది: 'లేదా ఫాంగ్ గారి చేత అరిపించండి.'

ఆ మధ్య అక్క రెండు రోజులు చెల్లెలింటికి కావ్‌ష్యుంగ్ వెళ్ళింది. "డబ్బాలు నువ్వే తెప్పించు తమ్ముడూ, షీటు సొరుగులో ఉంది," అంది. తీశాను. ఆఫీసులో ఉన్న ఆరుగురి పేర్లు, డబ్బాలు, చివర రిమార్కుల గడి. 'ఫాంగ్ గారు: ముందు సూపు పంపాలి. ఆకలేస్తేనే అరుస్తారు, మనసు మంచిది.' దాని కింద నా పేరు. 'కొత్తిమీర వద్దని కొట్టువాడికి రోజూ గుర్తు చేయాలి. వీడు చెప్పుకోడు, సిగ్గు.'

పదకొండేళ్ళు! ఆ కొట్టువాడికి ఎన్ని దండాలు పెట్టానో! అన్నీ తప్పు చిరునామాకే వెళ్ళాయి.

షీటు అందరికీ చూపించాను. ఆరో వరస అక్కది. అందులో రిమార్కుల గడి ఖాళీ. ఖాళీ గడి చూస్తే అన్నం మానేసే మనిషి తన గడిని ఖాళీగా వదిలేసింది. ఏం రాయాలో మాకు తెగలేదు. ముల్లంగి ఇష్టమని ఒకరు, కాదు జామకాయలని ఒకరు. ఒక్కరోజూ ఎవరమూ అడిగిన పాపాన పోలేదు, ఎలా తెలుస్తుంది? అప్పటిదాకా సూపు తాగుతున్న ఫాంగ్ గారు మూతి తుడుచుకుని లేచారు. గదిలో ఉన్న దారాలన్నింటి కింద నుంచీ చక్కగా వంగి వచ్చి, నా చేతిలో కలం లాక్కుని రాశారు:

'ఈవిడ ఏమన్నా ఎదురు చెప్పకండి. చెప్పాలనిపిస్తే ముందు సూపు తాగండి.'