కొబ్బరి చిప్పల మీద నడిచిన మ్యాచ్

కొబ్బరి చిప్పలతో బెంగాల్ మొత్తానికి దీపాలు వెలిగించగలనని నమ్మిన వయసు అది. అక్కడి వాట్‌గంజ్‌లో తెలుగింట పుట్టి పెరిగిన నాకు అదే ఊళ్లోని భవానీపూర్‌లో మొదటి ఉద్యోగం. చిప్పలూ కర్రముక్కలూ మండించి, వచ్చిన గ్యాసుతో ఇంజిన్ తిప్పి కరెంటు తీసే యంత్రాల కంపెనీ (కంపెనీ అంటే దాదా, అంటే అన్నా, అని అందరూ పిలిచే యజమాని, వరసకి మావయ్యయ్యే మెకానిక్, నేను, అంతే). ఒక బియ్యం మిల్లు నుంచి తొలి ఆర్డరు వచ్చింది. అయితే బ్యాంకు అప్పు మంజూరైతేనే సబ్సిడీ ఇస్తామంటుంది రాష్ట్ర సర్కారు. సబ్సిడీ ఖాయమైతేనే అప్పిస్తామంటుంది బ్యాంకు. ముందు సంతకం ఎవరిదన్నది ఎంతకీ తేలదు. తేలకపోతే కంపెనీకి తాళం, నేను ఇంటికి.

చివరికి దాదా ఇద్దరు అధికారుల్నీ ఒకే మధ్యాహ్నం మా పెరట్లోకి పిలిచి, యంత్రానికి ఒక బ్లాక్ అండ్ వైట్ టీవీ తగిలించారు. ఆ వేళ పెద్ద ఫుట్‌బాల్ మ్యాచ్ (అదే దాదా ఎత్తు). సర్కారు బాబుది గెలిస్తే ఇలీష్, అంటే మన పులస, వండుకునే జట్టు, బ్యాంకు బాబుది రొయ్యలు వండుకునే జట్టు. ఆట మొదలయ్యీ కాకముందే వీధంతా కరెంటు పోయింది. మా టీవీ ఒక్కటే వెలుగుతోంది! పేటంతా గోడ దూకి వచ్చి కూర్చుంది. దాదా మొహం చూడాలి అప్పుడు.

ద్వితీయార్ధంలో ఇంజిన్ దగ్గింది. టీవీలో బొమ్మ ముడుచుకుపోయింది.

"ఏటిరా అలా సూస్తన్నావు? ఏదో ఒకటి ఎయ్యి!" అరిచాడు మావయ్య.

"ఏటెయ్యను మావయ్యా? చిప్పలన్నీ అయిపోనాయి!"

"లే!" అన్నారు బ్యాంకు బాబు. లేచాను. నా కింది స్టూలు లాక్కుని కాలితో విరగ్గొట్టారు. సర్కారు బాబు చొక్కా చేతులు మడిచి ప్యాకింగు పెట్టె మీద పడ్డారు. మసి అంటించుకుంటూ ఇద్దరూ ముక్కలు అందిస్తే మావయ్య కుక్కాడు. బొమ్మ తిరిగొచ్చేసరికి ఎవరో గోలు కొట్టి గెంతుతున్నారు. ఎవరు? ఆ టీవీలో రెండు జట్ల చొక్కాలూ ఒకేలా ఉన్నాయి! ఇద్దరు బాబులూ మా జట్టంటే మా జట్టని కాలర్లు పట్టుకోబోతుండగా, మ్యాచ్ సమానమై ముగిసిందని టీవీలో చెప్పారు. ఆ ఊరటలో ఇద్దరూ కావలించుకున్నారు.

"ముందు మీరు పెట్టండి దాదా సంతకం" అన్నారు సర్కారు బాబు.

"అబ్బే, మీరే దాదా" అన్నారు బ్యాంకు బాబు.

మళ్లీ మొదటికొచ్చింది! మా దాదా మాత్రం రెండు కాగితాలూ, రెండు పెన్నులూ ఒక్కసారే చాపారు. సంతకాలు పడ్డాయి. ఇంధనం నిల్వ తప్పనిసరి అని బ్యాంకు బాబు తన కాగితం కింద ఒక ముక్క కూడా రాశారు, నల్లటి వేళ్లతో.

ఇంటికెళ్తే అమ్మ నన్ను ఎగాదిగా చూసింది. "ఆఫీసుద్యోగమన్నావు, ఈ మసేటిరా?"

"సర్కారునీ బ్యాంకునీ కలిపొచ్చేనమ్మా!"

"కలిపితే కలిపేవు, ముందు తానం సెయ్యి" అంది.

చెయ్యలేదు. దారిన పోయేవాళ్లు అడక్కపోతారా, చెప్పకపోతానా అని చీకటి పడేదాకా ఆ మసి మొహంతోనే గుమ్మంలో కూర్చున్నాడు ఆ కుర్రాడు, అంటే అప్పటి నేను. పాపం, ఒక్కరూ అడగలేదు.