సెల్‌ఫోన్‌లో చిక్కిన పద్యం

ఎనిమిదేళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. ఇంట్లో కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

ప్రొద్దుటూరులో పద్యనాటకాలకు హార్మోనియం పెట్టె వాయిస్తాను. మా బృందంలో రాణి వేషాలు మస్తానమ్మవి. జమ్మలమడుగు మనిషి. ఆమె రాగం అందుకుంటే సోడాబండి వాడు కూడా సోడా కొట్టడం ఆపేవాడు. నాకు పెళ్ళయింది, పిల్లలున్నారు. అయినా నెలకో నాటకంలో ఆమె పక్కన కూర్చునే ఆ కాసేపటి కోసమే మిగతా రోజులన్నీ గడిపేవాణ్ణి. దాన్ని ప్రేమ అనాలా? ఏమో. ఆమెకు మాత్రం నేను మామనే.

బ్రహ్మంగారిమఠంలో ఆడినప్పుడు, రికార్డు చేయొద్దని మైకులో చెప్పినా, ఎవరో తువ్వాలు చాటున సెల్‌ఫోన్ పెట్టి ఒక పద్యం పట్టారు. అది చేతులు మారి పులివెందులలో పెద్ద నాటక సమాజం నడిపే ఆయనకు చేరింది. ఆయనకు రాణి వేషానికి మనిషి కావాలి. నన్ను టీ అంగడికి పిలిచి వినిపించాడు. దగ్గులు, ఈలలు, ఎవరి బిడ్డో ఏడుపు. పై స్థాయిలో గొంతు ఆ ఫోన్‌లో బరబరమంది. సరిగ్గా అక్కడే హార్మోనియం ఒక దారి, గొంతు ఒక దారి.

"అప్పా, ఆ పొద్దు నువ్వు పక్కనే ఉంటివి గదా. ఈడ తప్పింది ఆయమ్మనా, పెట్టెనా?"

"పెట్టె యాడ తప్పుతాది? ఆయమ్మకు పైన గొంతు నిలస్తాలేదు."

తప్పింది పెట్టే. ఆమె వైపు చూస్తూ పక్క మెట్టు నొక్కాను. ఆమె తొణకలేదు, పద్యాన్ని దాని చోట నిలబెట్టింది. జనం వన్స్ మోర్ అన్నారు. ఆ రికార్డింగు కాస్త శుభ్రంగా ఉంటే ఎవరికైనా తెలిసిపోయేది. పరువు కోసం ఆడానా అబద్ధం? అదైనా కొంత నయం. ఆమె పులివెందులకు పోతే నేనెవరి పక్కన కూర్చోవాలి అనిపించింది, అంతే.

ఆయన ఆమెను తీసుకోలేదు. ఎందుకన్న మాట ఆమె దాకా వెళ్ళింది. రిహార్సల్ అయ్యాక నా దగ్గరికి వచ్చింది.

"మామా, నిజం చెప్పు. నాకు శ్రుతి నిలస్తాలేదా?"

"కొంచెం తగ్గిందమ్మా."

నమ్మింది. శ్రుతి విషయంలో ఆమె ఎప్పుడూ నా మాటే నమ్మేది. తర్వాతి రెండు నాటకాల్లో పై స్థాయికి వెళ్ళడానికే భయపడింది. ఆ ఏడే కువైట్‌కు ఇంటిపనికి వెళ్ళిపోయింది. ఎవరిని పోనీయకూడదని అబద్ధమాడానో ఆమె సముద్రం దాటింది.

నా దగ్గర, ఆ పొద్దు టీ అంగడిలో ఆయన ఫోన్ నుంచి ఎక్కించుకున్న ఆ పాడు రికార్డింగు ఒక్కటే మిగిలింది. ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. ఆ దగ్గుల మధ్య, ఆ ఏడుపు కింద ఆమె గొంతు వెతుక్కుంటాను. దొరికినంతసేపు చాలు అనుకుంటాను. చాలదు. మొన్న ఆమె చెల్లెలు కనబడితే, అక్కడేమైనా పాడుకుంటుందా అని అడిగాను. పాడడం ఎప్పుడో మానేసిందట.

క్షమించమని అడగడం లేదు. ఏ ముఖంతో అడగాలి? ఆ పద్యంలో తప్పింది నా వేలు. ఆమె గొంతు వెంట్రుకవాసి కూడా తప్పలేదు. ఆమెతో అనాల్సిన మాట మీతో అన్నాను. అయినా ఊపిరి కొంచెం ఆడుతోంది.