నాలుగు వేళ్ల గడ్డి

గొర్రెలు కాసే ఆ పెద్దాయన గడ్డి కోసేముందు దుబ్బు మొదలు దగ్గర నాలుగు వేళ్లు అడ్డంగా పెట్టి చూసుకునేవాడు. తెల్లదొరల కాలంలో పెద్దారవీడు కొండవాలుకు నేను ఫారెస్టు గార్డుని. ఆ ఏడు మేపు బందుచేసి, గడ్డిని నేలమట్టంగా కోయించమని రేంజరు హుకుం ఇచ్చాడు. ఊళ్లో అందరూ అలాగే కోశారు. ఆయన మాత్రం నాలుగు వేళ్ల ఎత్తు దుబ్బు వదిలాడు.

“మొదలంటా కొయ్యి మామా” అన్నాను.

“కొయ్యనల్లుడా. మందను గూడా ఇంతకన్నా కిందికి మేయనీను. మొదలే తెగితే చిగురు యాడనుంచి వస్తాది? నీ రేంజర్ను వచ్చి చెప్పమను.”

కొడవలి గుంజుకుని పంపేశాను.

వానలు పడ్డాక ఆయన కోసినచోట పచ్చిక మోకాలెత్తు లేచింది. తక్కిన వాలంతా ఎర్రమట్టే. రేంజరు వచ్చి, ఆ పచ్చికనూ మొదలంటా కోయమని నాకు చెప్పాడు.

పెద్దాయన కొడవలి నా దగ్గరే ఉంది. రేంజరు చూస్తుండగానే గడ్డి మొదట్లో నాలుగు వేళ్లు అడ్డంగా పెట్టాను.