ఏడు సామాన్లు, ఒక నానమ్మ

ఆ కాలంలో కారు టైరులో గాలి పోతే ఎవరికీ ఫోన్ చేసేవాళ్ళం కాదు. చేద్దామన్నా రోడ్డు మీద ఫోన్ ఎక్కడిది? బండి ఆగిన చోట దారిన పోయేవాళ్ళు ఆగేవారు, ఆగిన ప్రతి మనిషీ ఒక సలహా ఇచ్చేవాడు, చేతికి మట్టి అంటించుకునేవాడు మాత్రం కనిపించేవాడు కాదు. నడిపేది ఆడపిల్ల అయితే సలహాలు రెట్టింపు. (మాట వరసకు అనడం లేదు, లెక్కపెట్టాను. మా బాపు, అంటే నాన్న, నడిపినప్పుడు నలుగురు, నేను నడిపినప్పుడు తొమ్మిది మంది. రెట్టింపు కంటే ఒకటి ఎక్కువే.) అందుకే ఇరవై నాలుగేళ్ళ వయసులో నేనొక నిర్ణయానికి వచ్చాను: నా చక్రం నేనే మార్చుకుంటాను, సలహాలు ఇచ్చేవాళ్ళు ఇస్తూనే ఉండవచ్చు. ఆ నిర్ణయం ఇప్పటికీ రద్దు కాలేదు.

నేను స్టేషన్ ఘన్‌పూర్ బడిలో అప్పట్లో లెక్కల పంతులమ్మను. ఇల్లు వరంగల్‌లో, కొత్తవాడలో. ఇంటి వెనక నాలుగు మరమగ్గాల షెడ్డు, ముందు బాపు కొన్న పాత అంబాసిడర్ కారు. నూలు తేవడానికీ, నేసిన బట్ట కేసముద్రం దాకా తీసుకుపోవడానికీ ఆ కారే ఆధారం. 1978 జూన్ 11, ఆదివారం ఉదయం బాపు షెడ్డులో జారిపడి కుడి భుజం విరగ్గొట్టుకున్నాడు. ఎముక అతుక్కుంది గానీ, చెయ్యి స్టీరింగు తిప్పేంత పైకి లేవలేదు. అంతకు రెండేళ్ళ ముందే బాపు నాకు సరదాకు కారు నేర్పి ఉన్నాడు. ఆ సరదా ఇప్పుడు అవసరమైంది. ఆదివారాలూ సెలవు రోజులూ నేను స్టీరింగు ముందు, బాపు పక్కన, వెనక సీట్లో నూలు బేళ్ళు. నాకు ఆ ఉద్యోగం బడి ఉద్యోగం కంటే ఎక్కువ నచ్చింది. (బడిలో నా మాట వినని పిల్లలు నలభై ఇద్దరు. కారు ఒక్కటే, అదీ వినేది.)

ఇది నచ్చనివాడు మా చిన్నబాపు, అంటే బాపు తమ్ముడు. కోర్టులో గుమాస్తా. ఇంట్లో మంచినీళ్ళు అడిగినా రెండు షరతులు పెట్టి అడిగే మనిషి. మరుసటి ఏడు వానాకాలంలో ఒకరోజు వచ్చి కూర్చుని, కేసముద్రంలో ఒక విత్తనాల వ్యాపారి కారు కొంటానంటున్నాడనీ, అమ్మేయడమే మంచిదనీ అన్నాడు.

"పిల్ల నడుపుతాంది, మంచిదే. నడిమిట్ల టైరు పంచరైతె ఎవడు మారుస్తడే అన్నా? తొవ్వల నిలబడి ఎవన్ని పిలుస్తది?"

"నేనే మారుస్త, చిన్నబాపూ."

"నీ చేతులు సూస్కున్నవా? సుద్దముక్క పట్టే చేతులవి."

"సుద్దముక్కతోటి మారుస్త అన్ననా? పానాతోటి మారుస్త."

బాపు నవ్వాడు. చిన్నబాపు నవ్వలేదు, వేళ్ళు మడవడం మొదలుపెట్టాడు. "అయితె ఇను. దసరా మర్నాడు అవ్వను తీస్కోని రామప్ప గుడికి పోతానం గద. నేను కూడ వస్త. తొవ్వల ఎక్కడ ఆపుమంటె అక్కడ ఆపి చక్రం మార్చాలె. ఒకటి, వాకిట్ల గాదు, రోడ్డు మీద. రెండు, మొగోని చెయ్యి తాకద్దు. మూడు, గంట దాటద్దు. మూడిట్ల ఏది తప్పినా కారు కేసముద్రం పోతది."

బాపు నా వైపు చూశాడు. నేను సరే అన్నాను. కారు పోతే బాపు ఇంట్లో కూర్చోవాలి, నేను వెనక సీటుకు కూడా పనికిరాకుండా పోవాలి. అది నాకు ఇష్టం లేదు.

ఆ రోజు నుంచి నేను సామాన్లు సమకూర్చుకున్నాను. కారుతో వచ్చిన జాకీ ఒకటి. దాన్ని తిప్పే కడ్డీ రెండు. చక్రం నట్లు విప్పే పానా మూడు. పానా పిడికి తొడిగేందుకు పాత మగ్గం నుంచి కోయించిన రెండడుగుల ఇనుప గొట్టం నాలుగు. (బలం లేకపోవడం నేరం కాదు, పిడి పొడవు పెంచుకుంటే తక్కువ బలంతోనే నట్టు తిరుగుతుందని తొమ్మిదో తరగతి పిల్లలకు నేనే చెప్పేదాన్ని.) మెత్తటి నేలలో జాకీ దిగబడకుండా టేకు చెక్క అయిదు. మిగతా చక్రాలకు అడ్డం పెట్టే కొయ్య దిమ్మెలు ఆరు, ఏడు. అన్నీ ఒక గోనె సంచిలో. వాకిట్లో పద్నాలుగు సార్లు చక్రం విప్పి బిగించాను. మొదటిసారి గంటా నలభై నిమిషాలు, పద్నాలుగోసారి పంతొమ్మిది నిమిషాలు. నానమ్మ (చిన్నబాపు అవ్వ అన్నది ఈమెనే, వాళ్ళ అమ్మ) అరుగు మీద కూర్చుని చూసేది. "బిడ్డ చేతులు కాయలు కాసినయ్" అని ఒకరోజు, "ఈ ఇనుముకు ఎవల దిష్టి తాకకుంట సూడు తల్లీ" అని మరొకరోజు అమ్మవారికి చెప్పుకునేది.

దసరా నాడు మగ్గాలు ఆపి, దారం ఆడించే నాడెలు, కత్తెరలు, నూలు తూచే పెద్ద కాటా అన్నీ కడిగి పసుపు కుంకుమలు పెట్టాం. కాటాకు బొట్టు పెట్టాక ఇంటిల్లిపాదీ దాని మీద నిలబడి బరువు చూసుకోవడం మా ఇంటి అలవాటు. ఆ ఏడు నేను నలభై మూడు కిలోలు, నానమ్మ డెబ్బై ఎనిమిది. ఈ రెండు అంకెలూ గుర్తుంచుకోండి.

మర్నాడు ఉదయం ఏడింటికి బయలుదేరాం. చిన్నబాపు ముందు సీట్లో, నానమ్మ వెనక, బాపు ఇంటి దగ్గరే. బయలుదేరే ముందు నేను ప్రతిసారీ సంచి విప్పి ఏడూ లెక్కపెడతాను. ఆ రోజు మాత్రం, చిన్నబాపు గడియారం చూపిస్తూ తొందర పెడుతుంటే, సంచి ఎత్తి చూశాను. బరువు సరిపోయింది, పైకి గొట్టం కొన కూడా కనిపించింది. డిక్కీ మూసేశాను. లెక్కపెట్టవలసిన చోట బరువు చూశాను. లెక్కల పంతులమ్మ చేయకూడని పని అది. చేశాను.

ములుగు దాటాక, చిన్నబాపు ఇంకా ఎక్కడ ఆపమనాలో చోటు చూసుకుంటుండగానే, ఎడమవైపు వెనక టైరు తనే ఆపమన్నది. ఎద్దు నాడా మేకు ఒకటి దిగింది. బండిని తారు రోడ్డు మీద నుంచి పక్కనున్న మట్టిలోకి దించాను. చిన్నబాపు గడియారం చూశాడు. "తొమ్మిది గంటలు. మొదలువెట్టు."

డిక్కీ తీసి సంచి విప్పాను. లోపల ఒక రాతి పొత్రం, రెండు కొబ్బరికాయలు, ఒక ఇనుప అట్లకాడ, ప్రసాదం వండే పొడుగు గంటె. నేను చూసిన గొట్టం కొన ఆ గంటె కాడ.

"నానమ్మా, నా జాకేది?"

"జాకా? అమ్మోరి ముందట ఉన్నది బిడ్డా. రాత్రి నేనే తీసి కడిగి, పసుపు రాసి, బంతిపూల దండ ఏసిన. నువ్వు గెలవాలె గద!"

"మరి పానా? గొట్టం?"

"అన్నీ ఆడనే. మూడొద్దులు కదిలియ్యద్దు. పండుగపూట ఉత్త సంచి పెట్టద్దని గుడికాడ వంటకు పనికొస్తయని ఇవి ఏసిన."

చిన్నబాపు రోడ్డు పక్క రాయి మీద హాయిగా కూర్చున్నాడు. "ఏం ఫికర్ లేదు. కేసముద్రం షావుకారు మంచోడు, కారును మంచిగనే సూస్కుంటడు." నాకు ఏడుపు రావాలి. కోపం వచ్చింది. కోపం వచ్చినప్పుడు నాకు లెక్కలు బాగా తడతాయి. జాకీ బండిని పైకెత్తుతుంది. ఎందుకు? చక్రానికీ నేలకూ మధ్య ఖాళీ కావాలి కాబట్టి. బండి పైకి లేవకపోతే నేలను కిందికి దించితే సరి.

పక్కనే మిరప చేలో అయిదుగురు ఆడవాళ్ళు కలుపు తీస్తున్నారు. ఒడ్డున ఆయిల్ ఇంజను టకటకమని నీళ్ళు తోడుతోంది. నేను గట్టు ఎక్కి విషయం చెప్పాను, చిన్నబాపు షరతులతో సహా. వాళ్ళలో పెద్దావిడ (తర్వాత మా ఇంట్లో ఆమె పేరు ఇంజనక్క) నడుము మీద చేతులు పెట్టుకుని చిన్నబాపును కిందినుంచి మీదికి చూసింది.

"ఆ రాయి మీద కూసున్నాయనేనా? మొగోని చెయ్యి తాకద్దన్నడా?"

"అవునక్కా."

"మంచిగైంది. ఈడ మొగోడే లేడు. పార తెస్త. ఇంకేం గావాలె చెల్లె?"

"పానా ఉంటదా అక్కా? ఇంత నట్టుకు."

ఆమె చీర చెంగు ముడి విప్పి మూడు పానాలు తీసింది. రోజూ ఇంజను విప్పి బిగించేది ఆమేనట. మూడో పానా మా నట్టుకు అచ్చంగా సరిపోయింది. చిన్నబాపు లేచి వచ్చి చూసి, "ఇది ఎవలది?" అన్నాడు.

"నాదే సారూ. మా ఆయనకు పానా అంటె బుగులు, ముట్టనే ముట్టడు."

చిన్నబాపు మళ్ళీ వెళ్ళి రాయి మీద కూర్చున్నాడు.

అట్లకాడతో చక్రం మీది మూత పెకిలించాను. మిగతా చక్రాలకు రాళ్ళు అడ్డం పెట్టాం. వెనక ఇరుసు కింద మూడు చదును రాళ్ళు పేర్చి, పొత్రంతో కొట్టి సందు లేకుండా బిగించాం. తవ్వే ముందే నట్లు వదులు చేయాలి. అక్కడ ఆగిపోయాం. ఆ పానా జానెడున్నర కంటే లేదు. గొట్టం అమ్మవారి ముందు దండ వేసుకుని ఉంది. పానా తొడిగి, దాని పిడి మీద ఎక్కి నిలబడ్డాను. నలభై మూడు కిలోలు. నట్టు కదలలేదు. ఎగిరి దూకాను. కదలలేదు. ఇంజనక్కతో సహా ఆ అయిదుగురూ నాలాంటి బక్క మనుషులే, ఆ పిడి మీద ఇద్దరికి చోటు లేదు. చిన్నబాపు గడియారానికి కీ ఇస్తూ కూర్చున్నాడు.

పిడి పొడవు పెరగదు. అయితే బరువు పెరగాలి. నేను వెనక్కి తిరిగి నానమ్మను చూశాను. నానమ్మకు అర్థమైంది, మొహం మారిపోయింది.

"ఇనుముకు కాలు తాకిచ్చుడా? పండుగ తెల్లారి? కండ్లు పోతయి బిడ్డా!"

"ఎక్కకపోతె కారు పోతది నానమ్మా."

నానమ్మ కాసేపు కారును చూసింది, కొడుకును చూసింది, నా చేతులు చూసింది. తర్వాత చెప్పులు విడిచింది. గోచీ బిగించింది. వంగి పానాకు రెండు చేతులా దణ్ణం పెట్టి, "తప్పు కాయి తల్లీ, నా మనుమరాలి కోసం" అని కళ్ళకద్దుకుని, కారు కప్పు పట్టుకుని ఎక్కింది. డెబ్బై ఎనిమిది కిలోలు. నట్టు కిర్రుమని తిరిగింది. కలుపు తీసే ఆడవాళ్ళు ఈలలు వేశారు. (ఈల వేసే ఆడవాళ్ళను నేను చూడటం అదే మొదలు. తర్వాత నేనూ నేర్చుకున్నాను.) మొత్తం అయిదు నట్లు. అయిదుసార్లూ నానమ్మ దిగింది, దణ్ణం పెట్టింది, తప్పు ఒప్పుకుంది, ఎక్కింది. ఒక్క దణ్ణంతో అయిదూ కానిద్దామంటే, "ఏ తప్పుకు ఆ తప్పే" అన్నది.

ఆ తర్వాత పార అందుకుని టైరు కింద మట్టి తవ్వాను. గాలి లేని చక్రం ఊడివచ్చింది. గాలి నిండిన స్టెప్నీ దానికంటే ఎత్తు కాబట్టి గుంతను ఇంకో నాలుగు వేళ్ళ లోతు దించాను. స్టెప్నీ ఎక్కించి, నట్లు బిగించి (బిగించేటప్పుడు మళ్ళీ నానమ్మ, కానీ ఈసారి అయిదు నట్లకూ కలిపి ఒకటే దణ్ణం), గుంత ముందువైపు ఏటవాలుగా చెక్కి, మట్టి తొక్కించి, స్టీరింగు ముందు కూర్చున్నాను. ఆడవాళ్ళందరూ తోశారు. కారు రాళ్ళ మీద నుంచి దిగి రోడ్డెక్కింది.

అందరం చిన్నబాపు వైపు చూశాం. ఆయన గడియారం చూశాడు, చాలాసేపు చూశాడు. ఆ రోజు మొదటిసారి చేతులకు ఏం పని చెప్పాలో తెలియని మనిషిలా కనిపించాడు. తర్వాత గడియారాన్ని చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు.

"ఆగినట్టున్నది. కీ ఇచ్చుడు మర్సిపోయిన."

"ఆగలేదు చిన్నబాపూ, ఇందాకనే కీ ఇచ్చినవు" అన్నాను నేను, ఆయన చేతిలోని గడియారం చూసి. "ఇప్పుడు పది దాటి ఆరు నిమిషాలు. గంట మీద ఆరు నిమిషాలైంది." (అబద్ధపు విజయం నాకు అక్కర్లేదు. ఆ ఆరు నిమిషాలూ నానమ్మ దణ్ణాలవే. అంటే ఒక్కోదానికి నిమిషం చొప్పున.)

"నోరు మూస్కోని బండి ఎక్కు!" అన్నది నానమ్మ. కొడుకు వైపు తిరిగి, "నీ గడియారం ఆగింది. అంతేనా?" అన్నది.

"అంతే అవ్వా" అన్నాడు చిన్నబాపు.

కేసముద్రం షావుకారు ఆ ఏడు వేరే కారు వెతుక్కున్నాడు. మా కారు 1988 దాకా మాతోనే ఉంది. ఆ దసరా తర్వాత తొమ్మిదేళ్ళలో రోడ్డు మీద ముప్ఫై ఒక్కసారి చక్రం మార్చాను, ప్రతిసారీ గంట లోపే. ప్రతి దసరాకూ జాకీకి బంతిపూల దండ పడుతూనే ఉంది. మూడో రోజు నేను ఏడూ లెక్కపెట్టి సంచిలో వేసుకునేదాన్ని. ఇప్పుడు బాపు లేడు, నానమ్మ లేదు. గడియారం ఆగిందని నాకోసం జీవితంలో ఒక్క అబద్ధం ఆడిన చిన్నబాపూ లేడు. చిన్న కారొకటి నాదే ఉంది, డిక్కీలో గోనె సంచి ఉంది. మొన్న దవాఖానకు పోతే డాక్టరమ్మ కాటా ఎక్కించి, "డెబ్బై ఆరు. ఈ వయసులో ఇంత బరువెందుకమ్మా, తగ్గించుకోండి" అన్నది. తగ్గించనని చెప్పాను. ఎందుకని అడిగితే, ఇంకా రెండు కిలోలు తక్కువే ఉన్నానని చెప్పి వచ్చేశాను.