కరెంటు జీరో అన్నాడు

నేను ఎలక్ట్రీషియన్ని. ప్రొద్దుటూరులో ఉంటాను. ప్యానెల్ బోర్డు తలుపు తెరవాలంటే నాకు భయం. ఈ మాట ఇంతవరకు బయట ఎవరికీ చెప్పలేదు. కాగితం మీద మొదటిసారి పెడుతున్నాను. 

భయం మైదుకూరు రోడ్డులో ఒక పత్తి మిల్లులో మొదలైంది. మోటరు నడుస్తుండగా బోర్డు తలుపు తెరిచిపెట్టి, టాంగ్ టెస్టర్‌తో వైరు పట్టుకుని చూస్తున్నాను. టాంగ్ టెస్టర్ అంటే పటకారు లాంటి నోరుండే మీటరు. ఆ నోటిని వైరు చుట్టూ మూస్తే, అందులో ఎంత పారుతోందో అంకె చూపిస్తుంది. అంకె చదవాలంటే ముఖం బోర్డు దగ్గరికి తీసుకుపోక తప్పదు. నేనూ తీసుకుపోయాను. లోపల పత్తి నూగే అంటుకుందో, బల్లే పడిందో నాకు తెలీదు. తెల్లగా ఒక్క వెలుగు. చప్పుడు ఆ తర్వాత వినబడింది. కనుబొమ్మలు కాలిపోయాయి. కుడిచేతి మీద చర్మం ఊడింది. కళ్లు మాత్రం మిగిలాయి.

చేతికి చర్మం మళ్లీ వచ్చింది కానీ నేను మునుపటి మనిషిని కాలేకపోయాను. ఏ మిల్లుకు పోయినా బోర్డు తలుపు మీద చెయ్యి వేసి, వెంటనే తీసేసేవాణ్ని. మాట మార్చి, టీ తాగొస్తానని బయటికి వచ్చేవాణ్ని. కరెంటుకు భయపడే ఎలక్ట్రీషియన్ని పనికి ఎవరు పిలుస్తారు? ఇంకో పని నాకు రాదు. బడిలో నేర్చుకున్నది కూడబలుక్కుని చదవడం వరకే.

అప్పుడు కువైట్ నుంచి, మేమంతా భాయ్ అని పిలిచే అతను తిరిగొచ్చాడు. మా వీధిలోనే వాళ్లిల్లు. నాకంటే చిన్నవాడు, నన్ను మామా అని పిలుస్తాడు. అక్కడ పెద్ద పెద్ద ప్లాంట్లలో ఎలక్ట్రికల్ పని చేశాడు. ఇక్కడ నాతో కలిసి పనికి రావడం మొదలుపెట్టాడు. వచ్చేటప్పుడు తనతో ఒక కొత్త రకం మీటరు తెచ్చుకున్నాడు.

అందులో మూడు పటకార్లు ఉంటాయి. వాటికి చదవడానికి తెర లేదు. సరఫరా ఆపేసి, వాటిని బోర్డులోని మూడు ఫేజు వైర్లకు తగిలించి, తలుపు మూసి బయటికి వచ్చేయాలి. మళ్లీ సరఫరా ఇచ్చి మిషను నడిపిస్తే, మూడు అంకెలూ వైరు లేకుండా గాలిలోనే వచ్చి ఫోన్‌లో కనబడతాయి. మనం గోడకు ఇవతల ఎక్కడ నిలబడినా సరే.

మొదటిసారి దాన్ని పులివెందులలో అరటికాయలు మాగబెట్టే చల్లగదుల దగ్గర వాడాం. లోపల మిషను నడుస్తోంది. మేము బయట రేకుల కింద బండ మీద కూర్చుని ఫోన్ చూస్తున్నాం. నాకు నమ్మబుద్ధి కాలేదు.

"భాయ్, ఇది నిజ్జంగా లోపలి అంకేనా?"

"కాకుంటే మా మామగారి ఫోన్ నంబరా, మామా?" అన్నాడు.

నవ్వాను. నవ్వుతూనే ముఖం పక్కకు తిప్పుకున్నాను. నిప్పుకు ముఖం ఎదురుపెట్టకుండా కూడా ఈ పని చేసుకుని బతకవచ్చని ఆరోజు తెలిసింది. ఆ తర్వాత పనికి పోవాలంటే కొంచెం ధైర్యం వచ్చింది.

అట్లా ఉన్నప్పుడు జమ్మలమడుగు దగ్గర నాపరాయి పాలిష్ ఫ్యాక్టరీ నుంచి పిలుపు వచ్చింది. పాలిష్ మిషను నడుస్తూ నడుస్తూ తనంతట తనే ఆగిపోతోందట. మోటరు మార్చినా అదే తంతు. ఇద్దరం బండి మీద పోయాం.

రాయి పాలిష్ పట్టే చోట ఎప్పుడూ నీళ్లే. నేలంతా బూడిదరంగు బురద. చెప్పుల్లోకి, వేళ్ల సందుల్లోకి దిగుతుంది. అది చూడగానే నేను గడప దగ్గరే ఆగిపోయాను. తడి కాళ్లతో బోర్డు ముందు నిలబడాలి కదా.

మిషను ఒకచోట, బోర్డు ఉన్న గది గోడకు అవతల. మెయిన్ స్విచ్ ఇంకా దూరంగా, గేటు దగ్గర ట్రాన్స్‌ఫార్మర్ పక్కన. ఓనరు అక్కడే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. అతని చేత మెయిన్ దించించి, భాయ్ పటకార్లు తగిలించి, తలుపు మూసి బయటికి వచ్చాడు. మెయిన్ ఎత్తించాం. మా కోసం ఆ ఒక్క మిషనే నడిపారు. దాని దగ్గర పనిచేసే ఆమె బటన్ నొక్కి, మమ్మల్ని చూసి నవ్వింది.

"ఏందన్నా, రిపేరికి వచ్చి ఇద్దురూ ఫోన్లో సినిమా సూస్తాండారు?"

"శానా మంచి సినిమాక్కా," అన్నాడు భాయ్. "ముగ్గురన్నదమ్ముల కథ. ఇద్దురు బుద్ధిమంతులు. మూడోవాడే యాడో తిరుగుతాండాడు."

నిజంగానే అట్లా ఉంది. రెండు అంకెలు జంటగా నడుస్తున్నాయి. మూడోది పడిపోతోంది, లేస్తోంది, మళ్లీ పడిపోతోంది. అది పడినప్పుడల్లా మిగతా రెండూ పెరుగుతున్నాయి. చూస్తుండగానే మిషను ఆగిపోయింది. మళ్లీ నడిపించాం. కళ్లద్దాలు ఇంట్లో మరిచి అంకెలు సరిగా కనబడక నేను, "కరెంటు ఎంత? ఇప్పుడెంత?" అని అడుగుతూనే ఉన్నాను. అతను అంకెలు చెబుతూనే ఉన్నాడు. మూడో ఫేజు ఎక్కడో వదులైందని ఇద్దరికీ అర్థమైంది. ముందుగా వదులయ్యేది సరఫరా బోర్డులోకి వచ్చే చోట బోల్టే, దాన్ని బిగించాలి.

"నేను గదిలోకి పోతాండా. మెయిన్ దించమని చెప్పు," అని నేను గోడ అవతలికి పోయాను.

గదిలో బల్బు మాడిపోయి ఉంది. తలుపు సందులోంచి వచ్చే వెలుతురే దిక్కు. బోర్డు మీది సూచన దీపాలకు రాతి బురద గట్టిగా అట్టకట్టి ఉంది. అవి వెలుగుతున్నాయో లేదో తెలిసే దారి లేదు. స్పానర్ చేతిలో పట్టుకుని నిలబడ్డాను.  అంతలో మిషను చప్పుడు నిలిచిపోయింది. మెయిన్ దిగిందనుకున్నాను. అయినా గోడ ఇవతలి నుంచి కేకేసి అడిగాను.

"భాయ్! కరెంటు ఉందా?"

"కరెంటు జీరో మామా!"

జీరో. ఆ మాట వినగానే ఒళ్లంతా తేలికైంది. నా భయానికి కావలసింది ఆ మాటే. త్వరగా బిగించి త్వరగా బయటపడాలి, అంతే. సరఫరా ఉందో లేదో వెలిగి చూపించే టెస్ట్ బల్బు భాయ్ సంచిలో ఉంది, సంచి అతని భుజాన ఉంది. తెచ్చుకుందామని కూడా తోచలేదు. తలుపు తెరిచాను. సరఫరా మోసే మూడు రాగి పట్టీలు మసక వెలుతురులో కనబడ్డాయి. స్పానర్ ముందుకు చాపాను.

వెనక అడుగుల చప్పుడు. భాయ్ ఏదో చెబుతూ గదిలోకి వస్తున్నాడు.

"మామా, ఓనరు ఫోన్లో మాట్లాడతాండాడు, మెయిన్ ఇంకా..."

మాట మధ్యలో ఆగిపోయింది. తర్వాత వచ్చిన గొంతు అతనిది కాదేమో అనిపించింది. పసిబిడ్డను నిద్రపుచ్చేటప్పుడు మాట్లాడినట్టు, శానా మెల్లగా.

"మామా. కదలొద్దు. చెయ్యి అట్లే ఎనక్కి తీసుకో. మెల్లిగా. మెల్లిగా."

నేను తిరిగి చూడలేదు. స్పానర్ కొన బోల్టుకు జానెడు దూరంలో ఉంది. అది వణకడం నాకు కనబడుతోంది. వణికి ఎక్కడ తగులుతుందోనని ఊపిరి బిగబట్టాను. చెయ్యి నాది కాదు, ఎవరిదో చేతిని నేను లాగుతున్నట్టుంది. అది పూర్తిగా బయటికి వచ్చాక భాయ్ నా చొక్కా పట్టుకుని ఒక్క లాగు లాగాడు. ఇద్దరం బురదలో పడ్డాం. అతను గట్టిగా అరిచి ఉంటే నేను ఉలిక్కిపడి ముందుకే తూలేవాణ్ని. 

బయటికి వచ్చి రాతి పలకల మీద కూలబడ్డాం. మొదట నోరు లేచింది నాకే.

"జీరో అన్నావు గదప్పా! సంపేస్తివి గదా నన్ను!"

"నువ్వు కరెంటు ఎంతని అడిగినావు, నేను కరెంటు చెప్పినా!"

"ఎంతని యాడ అడిగినా? ఉందా అని అడిగితి!"

"పొద్దున్నించి అదే గదా అడుగుతాండావు! మిషను నిలబడింది, వైర్లో కరెంటు పారల్యా, జీరో వచ్చింది. పవర్ ఉంది మామా. పవర్ యాడికి పోతాది?"

"పవర్ ఏంది నీ పవర్? కరెంటంటే కరెంటే! మా అవ్వనడుగు, చెప్తాది!"

"మీ అవ్వ కువైట్లో పన్జేసిందా?" అని అరిచి, వెంటనే రెండు చేతులతో ముఖం మూసుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి.

అప్పటికి నాకు తెలిసింది. అతనికి అక్కడ పని నేర్పినవాళ్లు వైరులో పారేదాన్ని కరెంటు అంటారు. సరఫరాను పవర్ అంటారు. రెండూ వేరు. మనకు ఫ్యాను ఆగితే కరెంటు పోయింది, దీపం వెలిగితే కరెంటు వచ్చింది, ముట్టుకుంటే కరెంటు కొట్టింది. అన్నిటికీ ఒకటే మాట. మిషను ఆపితే మీటరులో సున్నా వస్తుంది. కానీ ఆ రాగి పట్టీల్లో చావు అట్లాగే కూర్చుని ఉంటుంది. మీటరు తప్పు చెప్పలేదు. భాయ్ తప్పు చెప్పలేదు. నేనూ తప్పు అడగలేదు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. తప్పు ఎక్కడా లేకుండానే మనిషి పోతాడు.

మిషను ఆపింది దాని దగ్గర పనిచేసే ఆమే, టీ వచ్చిందని. రెండు గ్లాసులు పట్టుకుని మా దగ్గరికి వచ్చింది.

"ఏందన్నా, మొగాలు అట్లయినాయి? సినిమాలో అన్న సచ్చిపోయినాడా?"

గ్లాసులు మా చేతికిచ్చింది. ఆమె మా బట్టల మీది బురద చూసింది, నా చేతిలో గ్లాసు కొట్టుకోవడం చూసింది. ఇంకేమీ అనకుండా గ్లాసు నా చేతిలోంచి తీసి పక్కన పలక మీద పెట్టి పోయింది.

తర్వాత భాయ్ తనే గేటు దగ్గరికి పోయి మెయిన్ దించాడు. పింగాణీ ఫ్యూజులు మూడూ పీకి చేతిలో పట్టుకొచ్చి నాకు చూపించాడు. అవి మన చేతిలో ఉన్నంతసేపూ మెయిన్ ఎవరెత్తినా లోపలికి సరఫరా రాదు. సంచిలోంచి టెస్ట్ బల్బు తీసి అన్ని పట్టీలకూ పెట్టి చూశాడు. వెలగలేదు. స్పానర్ నా చేతికిచ్చాడు.

నా చెయ్యి లేవలేదు. ఎంత చెప్పినా లేవలేదు. 

"నేను బిగిస్తా, నువ్వు బయట కూచో మామా," అన్నాడు భాయ్.

"వద్దు. ఇయాల నువ్వు బిగిస్తే నేనింక జన్మలో బోర్డు తెరవలేను. ఇంటికాడ కూచోవాల్సిందే."

అతను నా పక్కకు వచ్చాడు. "సరే, సూడు," అని తన అరచెయ్యి చాచి ఆ రాగి పట్టీల మీద ఆనించాడు. నేను కళ్లు మూసుకున్నాను. అన్నీ చూసుకున్నాక కూడా మూసుకున్నాను. తెరిచేసరికి చెయ్యి అక్కడే ఉంది. నా ముంజేయి పట్టుకుని తన చేతి పక్కన నా చెయ్యి పెట్టించాడు. రెండు పట్టీలు చల్లగా ఉన్నాయి. మూడోది ఇంకా పొయ్యి మీంచి దించి కాసేపైన గిన్నెలా వెచ్చగా ఉంది. రోగం అక్కడే. బిగించాను. బోల్టు చాలా చుట్లే తిరిగింది.

ఫ్యూజులు మళ్లీ పెట్టి మెయిన్ ఎత్తాక మిషను మధ్యాహ్నం దాకా ఆగకుండా నడిచింది. ఫోన్‌లో మూడు అంకెలూ దాదాపు ఒకటిగా నిలబడ్డాయి. ఓనరు వచ్చి చూసి, "మీ ఫోన్ శానా తెలివైందప్పా," అన్నాడు. భాయ్ ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

పటకార్లు మాత్రం ఇంకా లోపలే ఉన్నాయి. వాటిని తీయాలంటే మళ్లీ ఆ తలుపు తెరవాలి. భాయ్ గేటు వైపు కదిలాడు. నేను కూడా లేచాను.

"నువ్వెందుకు మామా? నేను దించి కేకేస్తా గదా."

"కేకలొద్దు. నేనే దించుతా."

"నా మీద నమ్మకం లేదా?"

"నీ మీద ఉంది. మాట మీదే లేదు."

బురదలో జారుతూ గేటు దాకా నడిచాను. మెయిన్ దించి, ఫ్యూజులు నా చేతులతో నేనే పీకి, రెండు జేబుల్లోనూ వేసుకున్నాను. బరువుకు ప్యాంటు కిందికి జారుతోంది. ఒక చేత్తో దాన్ని పట్టుకుని, ఇంకో చేతిలో టెస్ట్ బల్బుతో గదికి వెనక్కి వస్తుంటే, ఆ మిషను ఆమె చూసి మళ్లీ నవ్వింది. నేను నవ్వలేకపోయాను.